పాత బ్రాంచ్‌కి కొత్త లింటర్ కొలత వద్దు

ప్రశ్న: మడికొండ ఐటీ పార్కులో పనిచేస్తున్నాను. మా సాఫ్ట్‌వేర్ కోడ్ మెయిన్ బ్రాంచ్‌లో 4.0 వెర్షన్ నడుస్తోంది, పాత కస్టమర్ల కోసం 3.x వెర్షన్ల మెయింటెనెన్స్ బ్రాంచ్ (విడిగా ఉంచిన కోడ్ శాఖ) ఉంచాం. అందులో రెండు లైన్లు సరిచేసి పుల్ రిక్వెస్ట్ (మార్పును బ్రాంచ్‌లో కలపమనే అభ్యర్థన) పెడితే, మేం ముట్టుకోని ఫైళ్లలో వందల లింట్ తప్పులు చూపించి గిట్‌హబ్ ఆపేస్తోంది. చెక్స్ తీసేయొచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: తీసేయకండి. మీ కోడ్ మారలేదు, దానిలో తప్పులు, శైలి లోపాలు వెతికే లింటర్ మారింది. వెర్షన్ అంకె రాయకుండా పైథాన్ లింటర్ ‘రఫ్’ని ఇన్‌స్టాల్ చేయిస్తే ప్రతిసారీ కొత్తది దిగుతుంది, దాంతోపాటే కొత్త రూల్స్ వస్తాయి. 3.0 విడుదలైన నాడు వాడిన వెర్షన్ ఏదో పాత లాగ్‌లో చూసి, అదే అంకె రాయండి. ప్రీ-కమిట్ (కమిట్‌కి ముందే మీ లాప్‌టాప్‌లో చెక్స్ నడిపే సాధనం) ఉంటే, అందులో వెర్షన్ చెప్పే ‘రెవ్’ కూడా అదే కావాలి. లేదంటే లాప్‌టాప్‌లో పాసైంది సర్వర్‌లో ఫెయిలవుతుంది. ఈ మార్పు 3.x బ్రాంచ్‌లోనే చేయాలి. గిట్‌హబ్‌లో ఆ బ్రాంచ్‌కి పెట్టిన పుల్ రిక్వెస్ట్‌కి మెయిన్‌లోని వర్క్‌ఫ్లో ఫైలు (ఏ చెక్స్ ఎప్పుడు నడవాలో రాసే ఫైలు) మామూలుగా వర్తించదు.

చెక్స్ నడిచే సర్వర్ అయిన రన్నర్‌నీ అలాగే ఒక వెర్షన్‌కి కట్టేయండి. ‘యుబంటు-లేటెస్ట్’ 2025 మొదట్లోనే 24.04కి మారింది. మీ 3.x కోడ్‌కి పైథాన్ 3.7 కావాలంటే, పైథాన్‌ని దింపే ‘సెటప్-పైథాన్’కి అక్కడ అది దొరకదు, టెస్టులు మొదలవకముందే జాబ్ ఆగిపోతుంది. ‘యుబంటు-22.04’ అని రాస్తే దొరుకుతుంది.

ఎర్ర గుర్తులు పోవాలని ఫార్మాటర్‌ని (కోడ్ అమరికను తనే మార్చే సాధనాన్ని) బ్రాంచ్ మొత్తం మీద నడపడం మాత్రం వద్దే వద్దు. రేపు మెయిన్ నుంచి మూడు లైన్ల సెక్యూరిటీ ఫిక్స్ చెరీ-పిక్ చేయబోతే (ఆ ఒక్క కమిట్‌నే తెచ్చుకోబోతే) చుట్టుపక్కల లైన్లు కలవక కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది. ప్రతి లైనూ ఏ కమిట్‌లో మారిందో చూపే ‘బ్లేమ్’ చూస్తే అసలు మార్పు ఎవరు, ఎందుకు చేశారో కనపడకుండా ఫార్మాటింగ్ కమిటే అడ్డొస్తుంది.

మారిన లైన్లనే చెక్ చేయించాలంటే రెండు చూసుకోండి. రన్నర్‌కి కోడ్ తెచ్చే ‘చెకౌట్’ మామూలుగా ఒక్క కమిట్‌నే తెస్తుంది, పోల్చడానికి చరిత్ర ఉండదు. చరిత్ర అంతా రావాలంటే ‘ఫెచ్-డెప్త్’ 0 పెట్టండి. పోల్చేది 3.x తోనే కావాలి. స్క్రిప్టులో ‘మెయిన్’ అని ఉండిపోతే, బ్రాంచ్ విడిపోయినప్పటి నుంచీ చేసిన ఫిక్సులన్నీ మీ లెక్కలోకే వస్తాయి.

ఏదైనా చెక్ ఈ బ్రాంచ్‌లో నిజంగా అక్కర్లేకపోతే, వర్క్‌ఫ్లోకి బ్రాంచ్ ఫిల్టర్ పెట్టి వదిలేయకండి. అది తప్పనిసరి చెక్‌ల జాబితాలో ఉంటే ‘పెండింగ్’లోనే ఉండిపోతుంది, మెర్జ్ కాదు. జాబ్ స్థాయిలో ‘ఇఫ్’ షరతు పెడితే స్కిప్ అయినా పాసైనట్టే లెక్క.

టెస్టులు, డిపెండెన్సీల (మీ కోడ్ వాడుకునే బయటి లైబ్రరీల) సెక్యూరిటీ స్కాన్ మాత్రం ఎప్పటికప్పుడు తాజాగానే నడవాలి. టైం పెట్టి నడిపే వర్క్‌ఫ్లోలు డిఫాల్ట్ బ్రాంచ్‌లోనే (మీ దగ్గర మెయిన్) నడుస్తాయి. కాబట్టి రాత్రి స్కాన్‌ని మెయిన్‌లో రాసి, చెకౌట్‌లో ‘రెఫ్’ దగ్గర 3.x పేరు ఇవ్వండి.