బస్సు కంపెనీ చరిత్ర రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

అశోక్ లేలాండ్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. తేదీలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ అంత పొడుగు వ్యాసంలో బస్సు తయారుచేసే మనిషి ఒక్కడూ కనపడలేదు, నా బాధల్లా అదే.

1948లో రఘునందన్ శరణ్ కొడుకు పేరు మీద మద్రాసులో అశోక్ మోటార్స్ పెట్టింది ఆస్టిన్ కార్లు బిగించడానికి. 1950లో ఇంగ్లండ్‌లో లారీలు చేసే లేలాండ్ కంపెనీతో ఒప్పందం కుదిరి కామెట్ లారీలు మొదలయ్యాయి, 1955లో వాళ్లు వాటా తీసుకున్నాక ఇప్పుడున్న పేరొచ్చింది. దీన్నంతా ఒక్క లైనులో దాటేశావేంటి? కార్ల కోసం పెట్టిన కంపెనీ లారీలు, బస్సుల వైపు ఎందుకు మళ్లిందని చదివేవాడు మొట్టమొదట అడుగుతాడు. అక్కడ ఆగి రాయి. 1987లో కంపెనీలోకి హిందుజా గ్రూపు రావడం గురించి నాలుగు లైన్లు చాలు.

ఇక అసలు సంగతి. చాలాకాలం మద్రాసు పక్కన ఎన్నూరులో ఉన్న వాళ్ల ఫ్యాక్టరీ గేటు దాటి ఎక్కువగా వచ్చింది ఛాసీలే. ఇంజను, గేర్‌బాక్సు, స్టీరింగు, చక్రాలు, అంతే, పైన కప్పుండదు, ముందు అద్దముండదు. చెన్నై హైవే మీద నువ్వూ చూసే ఉంటావు, చెక్క సీటొకటి తగిలించుకుని, మొహానికి తువ్వాలు చుట్టుకుని, మండుటెండలో వందల కిలోమీటర్లు తోలుకొచ్చే డ్రైవర్లని. ఆ ఛాసీ బాడీ కట్టేవాళ్ల షెడ్డుకి చేరాక ఫ్రేము వెల్డింగు చేసి, రేకు పరిచి, వరసగా రివెట్లు కొట్టి, సీట్లు వేసి, రంగులద్దితే అప్పుడది బస్సు. అంటే సగం బస్సు కంపెనీలో పుడితే మిగతా సగం ఊరూరా షెడ్లలో పుట్టింది. ఆ సగం వదిలేసి బస్సు కంపెనీ చరిత్ర రాశానంటే నేనొప్పుకోను.

పైగా నువ్వుండేది బెజవాడలో! బాడీలు కట్టే ఆటోనగర్ పక్కనే ఉంది, విద్యాధరపురంలో ఆర్టీసీ వర్క్‌షాపుంది. నెట్‌లో వెతకడం కాసేపు ఆపి పొద్దున్నే అటెళ్లు. "బస్సుల గురించి చెప్పండి" అంటే ఎవరూ ఏమీ చెప్పరు. "బాబాయ్, ఈ మూల రెండు రివెట్లు ఎందుకు కొట్టారు?" అనడుగు, మాట అదే సాగుతుంది. ఫొటోల కంటే ముందు వాళ్లు పనిముట్లకి వాడే పేర్లు రాసుకో.

బాడీ ఎలా కట్టాలో చెప్పే ప్రభుత్వ రూల్సు, అదే బస్ బాడీ కోడ్, వచ్చాక ఎమర్జెన్సీ డోరు, సీట్ల మధ్య దారి, అన్నీ రూలు ప్రకారమే ఉండాలి. ఇప్పుడు హనుమాన్ జంక్షన్ దగ్గర మల్లవల్లిలో అదే కంపెనీ 75 ఎకరాల్లో బస్సుల ప్లాంటు పెట్టింది, 2025 మార్చిలో మొదలైంది. మరి చిన్న షెడ్లవాళ్లు ఏం చేస్తున్నారు? వాళ్ల పిల్లలెవరైనా ఆ ప్లాంటులో చేరారా? ఇది కనుక్కో. అలాంటి కుర్రాడు ఒక్కడు దొరికినా వ్యాసం వాడితోనే మొదలెట్టు, 1948 రెండో పేజీలో వచ్చినా ఫరవాలేదు.

ఆటోనగర్ ఎప్పుడెళ్తున్నావో ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను.

మీ అన్నయ్య