డాక్టర్ సలహా: చెవి పైభాగం కుట్టించుకుంటే వాచింది, ఏం చేయాలి?

ప్రశ్న: మాది హన్మకొండ. మా అమ్మాయికి 19 ఏళ్లు, ఇంజినీరింగ్ చదువుతోంది. స్నేహితురాళ్లతో జాతరకు వెళ్లి, అక్కడి అంగట్లో చెవి పైభాగాన గన్‌తో కుట్టించుకుంది. ఆరు రోజులైంది. చెవి ఎర్రబడి వాచింది, దిండు తగిలినా ఓర్చుకోలేకపోతోంది. పసుపు, కొబ్బరినూనె రాస్తున్నాం. మందుల దుకాణంలో ఇచ్చిన అమాక్సిసిలిన్ మూడు రోజులు వాడినా తగ్గలేదు. ఇలాంటి అంగళ్లకు లైసెన్సు ఉండదా? హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు చేయించాలా? – ఒక తల్లి

జవాబు: లైసెన్సు సంగతి తర్వాత చూద్దాం అమ్మా, ముందు అమ్మాయి చెవి తమ్మె చూడండి. పైభాగమంతా ఉబ్బి, తమ్మె మాత్రం మామూలుగా ఉంటే ఇన్ఫెక్షన్ మృదులాస్థి (చెవికి ఆకారమిచ్చే మెత్తని ఎముక) పొరకు పాకినట్లే అనుకోవాలి. దీన్ని పెరికాండ్రైటిస్ అంటాం. తమ్మెలో మృదులాస్థి ఉండదు కాబట్టి అది తప్పించుకుంటుంది. తమ్మె ఎలా ఉన్నా సరే, ఈ రోజే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.

ఇంత తొందర ఎందుకంటే, మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు. పైన అంటుకున్న పలుచని పొరే దాన్ని పోషిస్తుంది. రెండింటి మధ్య చీము చేరితే ఆ పోషణ ఆగి మృదులాస్థి చచ్చిపోతుంది, చెవి నలిపిన కాగితంలా ముడుచుకుపోతుంది. తర్వాత ఎన్ని ఆపరేషన్లు చేసినా పాత రూపం పూర్తిగా రాదు. ఇక్కడ తరచూ కనిపించే క్రిమి సూడోమోనాస్. దానిపై అమాక్సిసిలిన్ పనిచేయదు. డాక్టరు సిప్రోఫ్లాక్సాసిన్ రాస్తే పాలతోనో, పెరుగుతోనో, కాల్షియం మాత్రలతోనో కలిపి వేసుకోవద్దు, మందు ఒంటికి పట్టదు. చీము ఉంటే కోసి తీయాల్సి రావచ్చు. పసుపు, నూనె ఆపేయండి. పోగును మీరు పీకవద్దు, అవసరమైతే డాక్టరే తీస్తారు.

మన ఇళ్లలో అవుసలి బంగారు తీగతో తమ్మెలు కుట్టేవాడు. రంధ్రం పూడకుండా చీపురుపుల్ల గుచ్చేవాళ్లు. ఆ పుల్లతో చీము పట్టిన చెవులు నా దగ్గరికి ఇప్పటికీ వస్తుంటాయి. మెత్తని తమ్మె అలాంటివి ఎన్నో ఓర్చుకుంటుంది, పైభాగం ఓర్చుకోదు. అందులోనూ గన్ సూదిలా కోయదు. మొద్దు పోగును స్ప్రింగు బలంతో దూర్చి మృదులాస్థిని నలిపేస్తుంది. దాని ప్లాస్టిక్ భాగాలు 121 డిగ్రీల ఆవిరిలో 15 నిమిషాలు ఉడికించే ఆటోక్లేవ్‌కు తట్టుకోవు. స్పిరిట్ దూదితో తుడవడం స్టెరిలైజేషన్ కాదు.

ఇక లైసెన్సు. మన దేశంలో చెవులు కుట్టే, పచ్చబొట్లు వేసే దుకాణాల కోసమే చేసిన ప్రత్యేక చట్టం లేదు. కార్పొరేషన్ ఇచ్చే ట్రేడ్ లైసెన్సు వ్యాపారానికే తప్ప సూది శుభ్రతకు పూచీ కాదు. జాతర అంగడైతే, మీరు ఫిర్యాదు చేసేలోపు గుడారమే ఎత్తేస్తారు. ఇంగ్లండులో 1982 నాటి చట్టం కింద చెవులు కుట్టేవాళ్లు స్థానిక కౌన్సిల్‌లో నమోదు కావాలి, శుభ్రతకు ఉపనిబంధనలూ ఉంటాయి. మన దగ్గర అలాంటిది వచ్చేదాకా తనిఖీ అధికారి మీరే. సూది సీలు మీ కళ్లముందే విప్పాలి, చేతికి కొత్త గ్లౌజులు ఉండాలి. వాడిన సూది ఎక్కడ పడుతోందో చూడండి. గట్టి డబ్బాలో కాకుండా చెత్తబుట్టలో పడుతుంటే లేచి వచ్చేయండి.

పరీక్షలు చేయించండి. ముప్పు తక్కువే, కానీ లేదనలేం. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తపు మరకలోనూ కనీసం వారం బతుకుతుంది. అమ్మాయి టీకా కార్డు వెతకండి, మూడు డోసులు పడకపోతే ఇప్పుడే మొదలుపెట్టించండి. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారో కూడా డాక్టరుకు చెప్పండి. ఇప్పుడు చేసే రక్తపరీక్ష పాత స్థితినే చెబుతుంది. హెచ్‌ఐవీకి మూడు నెలలకు, హెపటైటిస్ బి, సిలకు ఆరు నెలలకు మళ్లీ చేయించాలి. హెచ్‌ఐవీ పరీక్ష ప్రభుత్వ ఐసీటీసీ (సలహా, పరీక్ష) కేంద్రాల్లో ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు.

కాలేజీలో రక్తదాన శిబిరం పెడితే అమ్మాయి 12 నెలలపాటు రక్తం ఇవ్వకూడదు. ఫారంలో చెవి కుట్టించుకున్నారా అన్న ప్రశ్న ఉంటుంది, నిజమే రాయమనండి.