ఇంగ్లండ్ పాస్టరల్ చాంబర్ సంగీతాన్ని ఏ కృతితో మొదలుపెట్టాలి?

కర్ణాటక సంగీతం మాత్రమే తెలిసినవారు ఇంగ్లండ్ పల్లెసీమల ఛాయ ఉన్న చాంబర్ సంగీతాన్ని (కొద్దిమంది వాద్యకారులు కలిసి వాయించే పాశ్చాత్య సంగీతాన్ని) దేనితో మొదలుపెట్టాలని మీరు అడిగారు. ఆంగ్ల స్వరకర్త హెర్బర్ట్ హవెల్స్ 1916లో ఎ మైనర్ అనే స్వరక్రమంలో రచించిన పియానో క్వార్టెట్‌తో మొదలుపెట్టమంటాను. పియానో, వయొలిన్, దానికంటే కొంచెం పెద్దదైన వియోలా, ఇంకా పెద్దదైన చెల్లో అనే నాలుగు వాద్యాలతో, మూడు భాగాలుగా, సుమారు అరగంట సాగుతుంది.

హవెల్స్ దీనిని గ్లాస్టర్ సమీపంలోని చోజెన్ హిల్ అనే కొండకూ, ఆ కొండను బాగా ఎరిగిన మిత్రుడు, కవి, స్వరకర్త ఐవర్ గర్నీకీ అంకితమిచ్చారు. ఇద్దరూ గ్లాస్టర్ కథీడ్రల్‌లో ఒకే గురువు వద్ద నేర్చుకున్నారు. 1916లో గర్నీ ఫ్రాన్స్‌లో యుద్ధభూమికి వెళ్లగా, అంతకు ముందు ఏడాదే గ్రేవ్స్ వ్యాధి (థైరాయిడ్ గ్రంథి జబ్బు) బయటపడి, ఆరు నెలలకు మించి బతకరని వైద్యులు చెప్పిన హవెల్స్, అప్పటికింకా ప్రయోగదశలో ఉన్న రేడియం చికిత్సను ఆశ్రయించారు. (ఆయన 1983 వరకు జీవించారు.) మొదటి భాగంలో కొండపై తెల్లవారడం, రెండవదానిలో నడివేసవి పగలు, మూడవదానిలో మార్చి నెల గాలి ఆయన మనసులో ఉన్నాయి.

చిన్ననాటి నుంచి వయొలిన్ నేర్చుకున్న నేను మొదటిసారి విన్నప్పుడు రాగాన్ని వెతికాను, నిరాశపడ్డాను. ఇంగ్లండ్ జానపద గీతాలలో తరచు వినిపించే డోరియన్ స్వరక్రమానికీ మన ఖరహరప్రియ రాగానికీ స్వరాలు ఒకటే కనుక అక్కడక్కడ పరిచయమైన ఛాయ తగిలేది, కానీ షడ్జమం నిలకడగా ఉండే సంగీతం కాదు కాబట్టి, ఆ ఛాయను పట్టుకునేలోపే ఆధారస్వరం మారిపోయేది. తరువాత ఒక వారం పాటు రోజూ వియోలాను మాత్రమే వెంబడిస్తూ విన్నాను. వయొలిన్‌కూ చెల్లోకూ నడుమ నలిగిపోతుందనుకున్న ఆ గొంతు ఎక్కడ ముందుకు వస్తుందో, ఎక్కడ తప్పుకుంటుందో తెలిశాక మిగిలిన మూడు వాద్యాల సంభాషణ కూడా విడివిడిగా వినిపించసాగింది.

ఉద్యోగరీత్యా చెల్టెన్‌హామ్‌లో ఉన్న రోజుల్లో ఆ కొండ ఎక్కాను. మన కళ్లకు గుట్ట అనిపించేంత చిన్నది. శిఖరాన పాత చర్చి, దిగువన సెవెర్న్ మైదానం, దూరంగా మాల్వెర్న్ కొండలు. కృతిలోని గంభీరతకు తగిన పర్వతాన్ని ఊహించుకున్న నాకు, ఇంత చిన్న చోటును ఒక మనిషి ఇంత గాఢంగా ప్రేమించాడా అన్న ఆశ్చర్యం కలిగింది. అప్పటి నుంచి ఇందులో ప్రకృతి దృశ్యాలను వెతకడం మానేసి, ఆ ప్రేమనే వింటున్నాను.

మీరు నెమ్మదిగా సాగే రెండవ భాగాన్ని ముందుగా, రాత్రి నిశ్శబ్దంలో, రెండు మూడుసార్లు వినండి. ఆ తరువాతే మొదటి నుంచి పూర్తిగా వినండి.