మాది శాకాహారమే... అయినా మా అతిథి తినడా?

ప్రశ్న: మా అబ్బాయి ఆఫీసు మిత్రుడు న్యూయార్క్ నుంచి వచ్చి వారం రోజులు మా ఇంట్లో ఉంటాడు. యూదుడు, కోషర్ అయితేనే తింటాడట. మా ఇంట్లో గుడ్డు కూడా గుమ్మం తొక్కదు. అయినా మా వంట అతనికి కుదరదని మావాడంటున్నాడు. శాకాహార హోటల్‌కి పంపితే సరిపోతుందా? ఏం పెట్టాలో తోచక ఒకటే టెన్షన్.
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమేనమ్మా. హోటల్‌తో కూడా పని జరగదు. కోషర్ అంటే యూదుల మతం చెప్పే ఆహార నియమాలు, మాంసం మానేయడం కాదు. వాళ్లు మాంసం తింటారు, కానీ పాలతో కలపరు. పంది, రొయ్య, పీత ముట్టరు. పొలుసూ రెక్కా ఉన్న చేపలే తింటారు. వీటితోపాటు ఏ గిన్నెలో వండారు, ఏ కత్తితో కోశారు, పొయ్యి ఎవరు వెలిగించారు అన్నవీ చూస్తారు. మన అమ్మమ్మల మడిని తలచుకుంటే సగం అర్థమైపోతుంది.

అందుకని వండిపెట్టాలని చూడకండి. వండుకోవడానికి ఓ మూల ఇవ్వండి. పూర్ణా మార్కెట్‌లో రెండు స్టీలు గిన్నెలు, మూకుడు, గరిటె, కత్తి కొత్తవి కొనండి. కొత్త లోహపు, గాజు పాత్రల్ని వాడేముందు వాళ్లు మిక్వా అనే శుద్ధి స్నానపు నీటిలో ముంచాలి. దానికి సముద్రం పనికొస్తుంది! ఆ విషయంలో మన ఊరు అదృష్టవంతురాలు. స్టిక్కర్, దాని జిగురు పూర్తిగా వదలాలి, నీరు గిన్నెను అన్నివైపులా తాకాలి. కొబ్బరినూనె రాసి గోకితే జిగురు పోతుంది, తర్వాత సబ్బుతో కడిగేయండి. ఆర్కే బీచ్‌లో అల గిన్నెను లాక్కుపోగలదు. ఉల్లిపాయల వల సంచిలో వదులుగా వేసి ముంచమనండి. లోతుకు మాత్రం వెళ్లనివ్వకండి.

బియ్యం, పప్పు మీరు చేటలో చెరిగి ఏరి ఇవ్వొచ్చు. పురుగు తినడం వాళ్లకు నిషిద్ధం కాబట్టి ఆ పని అతనికీ నచ్చుతుంది. గోబీ, ఆకుకూరలు తగ్గించండి. ఆకు ఆకూ వెతుక్కుంటూ కూర్చోవాలి. గ్యాస్ అతను వెలిగిస్తే, తర్వాత మీరు గరిటె తిప్పినా ఒప్పుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. పాకెట్ పాల విషయం అతన్నే అడగండి. కొందరు తాగుతారు, కొందరు తాగరు.

పాకెట్ మీది ఆకుపచ్చ చుక్క శాకాహారమని మాత్రమే చెబుతుంది. అతను వెతికేది కోషర్ ముద్ర, అంటే సున్నాలో ‘యు’ లేదా సున్నాలో ‘కె’ లాంటి అక్షరం. సూపర్‌మార్కెట్‌లో అతనే చూసుకుంటాడు, తొందరపెట్టకండి.

బీచ్ రోడ్డులో నేను గెస్ట్‌హౌస్ నడిపిన రోజుల్లో ఇలాంటి అతిథి ఒకాయన దిగాడు. సింహాచలం అనాసను ముక్కలుగా కాకుండా కాయగానే కొని, సొంత కత్తితో బాల్కనీలో కోసుకుని, మోచేతుల దాకా రసం కారుతుంటే తినేవాడు. బీచ్‌లో మురీ మిక్చర్ వైపు ఆశగా చూసేవాడు గానీ తినలేదు. ఘాటైన ఉల్లిపాయను కోస్తే కత్తికున్న పాత రుచి దాన్లోకి దిగుతుందని వాళ్ల లెక్క. కొబ్బరి బోండాం మాత్రం రోజూ తాగేవాడు. మాడుగుల హల్వా ఇస్తే దణ్ణం పెట్టి వెనక్కిచ్చేశాడు. మీ అతిథి కూడా అలా చేస్తే చిన్నబుచ్చుకోకండి, కొసరి కొసరి పెట్టకండి.

శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటిపడేదాకా వాళ్లు పొయ్యి వెలిగించరు, వంట చేయరు. రెండు రోజుల వంట శుక్రవారం మధ్యాహ్నమే పూర్తవ్వాలి. సిలిండర్‌లో గ్యాస్ ఉందో లేదో గురువారమే చూసుకోండి.