జరీకి గోల్డ్ పెయింట్ వద్దు

మీరు వేసిన అమ్మమ్మగారి ఆయిల్ పోర్ట్రెయిట్‌లో గోల్డ్ పెయింట్‌తో దిద్దిన చీర జరీ రేకులా ఉందని, చూపు ముఖం మీద నిలవట్లేదని రాశారు కదండీ. రెండింటికీ కారణం ఆ గోల్డ్ పెయింటే. అది గదిలోని వెలుతురుకు మెరుస్తుంది, బొమ్మలోని వెలుతురుకు కాదు.

దాన్ని తీసేసి, నీడలో రా అంబర్ (ముదురు మట్టి గోధుమ రంగు), మధ్యలో ఎల్లో ఆకర్ (మట్టి పసుపు) వేయండి. వెలుగు తగిలే మడతల మీద మాత్రం తెలుపు కలిపిన లేత పసుపు, కాస్త మందంగా. డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ వేసిన 'జ్యూయిష్ బ్రైడ్' బొమ్మలో మగాయన బంగారు రంగు చొక్కా చెయ్యి మెరిసేది ఇలాంటి దళసరి రంగుతోనే.

డిజైన్ మొత్తం గీయకండి. మడత తిరిగిన చోట బుటా సగంలో తెగిపోవాలి. మనవాళ్ల పోర్ట్రెయిట్లు కొన్ని చీరల షాపు కేటలాగుల్లా కనిపించేది డిజైన్ మొత్తం గీసేయడం వల్లే! ఒడి దగ్గర అంచును మసకగా వదిలేసి, మెడ పక్కన పైట అంచును స్పష్టంగా ఉంచండి. చూపు ముఖానికి వెళ్తుంది.