ద్వీపాంతర శిక్షపడిన పూర్వీకుడు

ప్రశ్న: మా అల్లుడు సిడ్నీవాడు. వారి పూర్వీకుడొకరు ఐర్లండ్ నుంచి ద్వీపాంతర శిక్షపై వచ్చిన ఖైదీ అని తెలిసి ఇంట్లో నొచ్చుకుంటున్నారు. ఆయన జీవితం ఎలా గడిచి ఉంటుంది?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: నొచ్చుకోకండమ్మా, 1879 రంప తిరుగుబాటు తరువాత మన గోదావరి మన్యంవారినీ అండమాన్ పంపారు. ఐర్లండ్ నుంచి నేరుగా ఖైదీలను తెచ్చిన మొదటి ఓడ ‘క్వీన్’ 1791లో సిడ్నీ చేరింది. చిన్న దొంగతనానికి సైతం 7 ఏళ్లు వేసిన ఆ రోజుల్లో, నెలల తరబడి సముద్రంపై గడిపి వచ్చినవారిని ప్రభుత్వ పనులకో, భూస్వాముల పొలాలకో అప్పగించేవారు. నడవడి బాగుంటే గడువుకు ముందే ‘టికెట్ ఆఫ్ లీవ్’ ఇచ్చి, నిర్ణీత జిల్లాలో సొంతంగా పని చేసుకోనిచ్చేవారు. తిరుగు ప్రయాణానికి డబ్బులేక చాలామంది అక్కడే స్థిరపడ్డారు. ఓడ జాబితాల్లో ఎత్తు, కళ్ల రంగు, పుట్టిన ప్రాంతం, కొన్నిట పచ్చబొట్లు కూడా రాసి ఉంటాయి కనుక, ఓడ పేరు తెలిస్తే న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వ దస్తావేజుల్లో వెతికించమని అల్లుడిగారితో చెప్పండి.