శాంతి శిక్షణ ఉద్యోగం మారాలా? ముందు పీఎఫ్ సర్వీసు లెక్క చూసుకోండి

ప్రశ్న: నా వయసు 43. మాది హనుమకొండ. 2009 జూన్ నుంచి 2014 సెప్టెంబరు వరకు ఒక ప్రైవేటు పాఠశాలలో సోషల్ టీచరుగా పనిచేశాను. తర్వాత కొన్నేళ్లు గౌరవ వేతనంపై సేవా కార్యక్రమాల్లో ఉన్నాను. 3 ఏళ్ల 10 నెలలుగా ఒక స్వచ్ఛంద సంస్థలో కళాశాల విద్యార్థులకు మత సామరస్యం, వివాదాల పరిష్కారంపై శిక్షణ ఇస్తున్నాను. జీతం రూ.42,000, అందులో మూలవేతనం రూ.24,000. మరో సంస్థ రెండేళ్ల ప్రాజెక్టుకు కన్సల్టెంటుగా తీసుకుని నెలకు రూ.60,000 ఇస్తామంటోంది కానీ పీఎఫ్ ఉండదు. మావారికి చిన్న దుకాణం ఉంది. ఇంటి ఖర్చు రూ.35,000. రూ.6 లక్షల డిపాజిట్, నెలకు రూ.10,000 కట్టే చీటీ ఉన్నాయి. మారవచ్చా? పాత పీఎఫ్ తీసేసుకోవచ్చా?

జవాబు: పాత పీఎఫ్‌ను తీసుకోకండి, ఆ సర్వీసు మీ పింఛనుకు అవసరం. ఉద్యోగం విషయంలో మాత్రం వీలైతే మరో 14 నెలలు ఆగమనే చెబుతాను.

పాఠశాలలో 5 ఏళ్ల 4 నెలలు, ఇప్పుడు 3 ఏళ్ల 10 నెలలు కలిపితే మీ పింఛను సర్వీసు 9 ఏళ్ల 2 నెలలు అవుతుంది. ఉద్యోగుల పింఛను పథకంలో 58 ఏళ్ల నుంచి నెలనెలా పింఛను రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. ఆరు నెలలు, అంతకు మించిన భాగాన్ని ఏడాదిగా లెక్కిస్తారు కానీ, ఆ అంచును నమ్ముకోకుండా నిండా పదేళ్లు పూర్తిచేయడం మేలు. వచ్చే పింఛను రెండు వేలలోపే ఉంటుందని ముందే చెబుతున్నాను; అయినా అది జీవితాంతం వస్తుంది, మీ తదనంతరం మీవారికి కొంత అందుతుంది. అదే 14 నెలలు ఆగితే ప్రస్తుత సంస్థలో ఐదేళ్లు నిండి గ్రాట్యుటీకి (సర్వీసుకు ప్రతిఫలంగా సంస్థ ఒకేసారి ఇచ్చే మొత్తానికి) కూడా అర్హత వస్తుంది. 15 రోజుల వేతనాన్ని 26 రోజుల నెల లెక్కన కడితే, ఇప్పటి మూలవేతనంపైనే ఐదేళ్లకు దాదాపు రూ.69,000 అవుతుంది.

మీ పాత ఖాతా యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ సభ్యుల సంఖ్య) రాకముందుది కాబట్టి అది ఇప్పటి ఖాతాతో కలిసిందో లేదో చూడండి. పాఠశాల రికార్డులో పేరుగానీ పుట్టిన తేదీగానీ ఆధార్‌తో సరిపోకపోతే బదిలీ అక్కడే ఆగిపోతుంది. పాస్‌బుక్‌లో పింఛను వాటా గడిని కూడా ప్రత్యేకంగా గమనించండి. 2014 సెప్టెంబరు తర్వాత రూ.15,000కు మించిన వేతనంతో కొత్తగా చేరినవారికి పింఛను సభ్యత్వం లేదు. మీరు పాత సభ్యురాలన్న సంగతి సంస్థకు తెలియకపోతే ఆ గడిలో సున్నా పడి ఉండవచ్చు. అలా ఉంటే ఉద్యోగంలో ఉండగానే సరిచేయించుకోవాలి, బయటికి వచ్చాక ఆ పని చాలా కష్టం.

ఇక రూ.60,000 సంగతి. పెరిగే రూ.18,000లో యజమాని పీఎఫ్ వాటా రూ.2,880, నెలకు పడే గ్రాట్యుటీ భాగం సుమారు రూ.1,150 తీసేస్తే మిగిలేది దాదాపు రూ.14,000, సంస్థ ఆరోగ్య బీమా ఇస్తుంటే అది కూడా పోతుంది కనుక సొంత పాలసీ ప్రీమియం అందులోంచే కట్టాలి. ప్రీమియం పక్కన పెట్టినా రెండేళ్లకు మీకు అదనంగా మిగిలేది రూ.3.36 లక్షలు. ప్రాజెక్టు ముగిశాక ఎనిమిది నెలలు పని దొరకకపోతే, ఇప్పటి జీతం లెక్కన సరిగ్గా అంత మొత్తమూ కరిగిపోతుంది. మీ రంగంలో ఎనిమిది నెలల ఖాళీ అరుదేమీ కాదు. 2015 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 2250వ తీర్మానం చేశాక శాంతి స్థాపనలో యువత పాత్రకు గుర్తింపు వచ్చింది. కానీ గుర్తింపు వేరు, నిధులు వేరు. పైగా విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత విదేశీ విరాళం పొందిన సంస్థ దాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు, పాలనా ఖర్చుల పరిమితి కూడా 50 నుంచి 20 శాతానికి తగ్గింది. అందువల్ల ఆ రెండేళ్ల నిధులు ఎక్కడివో, ఇప్పటికే మంజూరయ్యాయో లేదో, ముందే ఆపితే ఎన్ని నెలల నోటీసు ఇస్తారో రాతపూర్వకంగా అడగడంలో మొహమాటం అక్కరలేదు.

వారు ఆగలేమంటే, ఉద్యోగిగా తీసుకుని పీఎఫ్ కట్టమని అడగండి. అదీ కుదరక, పని మీద ఇష్టంతో వెళ్లదలిస్తే అది తప్పు నిర్ణయమని నేననను. అప్పుడు పాత పీఎఫ్‌ను అలాగే ఉంచి, డిపాజిట్‌లోంచి తొమ్మిది నెలల ఇంటి ఖర్చు రూ.3.15 లక్షలను విడిగా పెట్టండి. దాన్ని వేరే ఖర్చులకు వాడకండి. ఇప్పుడు మీ వాటా, సంస్థ వాటా కలిపి పీఎఫ్‌లో చేరుతున్న రూ.5,760ని నెలనెలా పీపీఎఫ్‌లోకి మళ్లించండి. ఆరోగ్య బీమాను రాజీనామాకు ముందే తీసుకోండి, ఎందుకంటే పాత జబ్బులకు మూడేళ్ల వరకు నిరీక్షణ కాలం ఉండవచ్చు. కన్సల్టెంటు రుసుములో సాధారణంగా పది శాతం టీడీఎస్ (చెల్లింపు సమయంలోనే పట్టుకునే పన్ను) కోస్తారు, అంటే ఏడాదికి రూ.72,000, కొత్త పన్ను విధానంలో రూ.12 లక్షల వరకు ఆదాయానికి పన్ను పడదు కనుక, వేరే పెద్ద ఆదాయం లేకపోతే రిటర్ను వేసి ఆ సొమ్ము వెనక్కి తెచ్చుకోవచ్చు.

చీటీ ఇంకా పాడకపోతే ప్రాజెక్టు నడుస్తుండగా పాడుకోకండి. పాడాక జామీనుదార్ల సంతకాలు ఉంటాయి, జీతం ఆగిన నెలలో కూడా వాయిదా ఆగదు.